ఎమ్మెల్యే జీతం ఎంత, ఎన్నిక ఖరీదెంత

2016 మార్చిలో తెలంగాణ శాసనసభ తన సభ్యుల వేతనాలను తానే పెంచుకుంది. అంతవరకు నెలకు 95 వేలు అందుకుంటున్న ఎమ్మెల్యేకు ఒక్కసారిగా 2.5 లక్షలు వచ్చాయి. ముఖ్యమంత్రి వేతనం 4.21 లక్షలకు చేరింది. ఈ 2.5 లక్షల్లో అసలు జీతం 20 వేలే. మిగతా 2.30 లక్షలు నియోజకవర్గ భత్యం. రాజ్యాంగంలోని 195వ అధికరణం శాసనసభ్యుల జీతభత్యాలను చట్టం ద్వారా నిర్ణయించుకునే అధికారాన్ని శాసనసభకే ఇచ్చింది కాబట్టి ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. తన జీతం తానే రాసుకునే ఉద్యోగం దేశంలో మరొకటి లేదన్న విసురు మాత్రం అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆగలేదు.

ఆ కోపంలో న్యాయం లేదని అనలేం. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి, ఏళ్ల తరబడి క్రమబద్ధీకరణ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకుడికి, గౌరవ వేతనం పెంచాలని కలెక్టరేట్ ముందు ధర్నాకు కూర్చునే ఆశా కార్యకర్తకు 2.5 లక్షలు పెద్ద మొత్తమే. అయితే ఈ కోపం చిన్న లెక్క దగ్గర ఆగిపోయి, పెద్ద లెక్కను వదిలేస్తోంది. అయిదేళ్లు, అంటే 60 నెలలకు ఎమ్మెల్యే అందుకునే మొత్తం కోటిన్నర. అసెంబ్లీ ఎన్నికలో అభ్యర్థి పెట్టదగిన ఖర్చుకు చట్టం విధించిన పరిమితి 40 లక్షలు. ఆ పరిమితిని నిజంగా పాటిస్తే గెలిచిన మనిషి 16 నెలల వేతనంతో ఖర్చు రాబట్టుకోగలడు. ఎంపీ సంగతి మరీ విచిత్రం. 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా సవరించిన ఎంపీ జీతం నెలకు 1.24 లక్షలు. భత్యాలు కలపకుండా చూస్తే అయిదేళ్లకు 74.4 లక్షలు. తెలంగాణ వంటి పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. చట్టం అనుమతించినంత ఖర్చు పెట్టి గెలిచినా జీతంతో అది పూడదు. ఓడినవారికైతే ఆ జీతమూ లేదు.

అయినా టికెట్ల కోసం గాంధీభవన్ ముందు, తెలంగాణ భవన్ ముందు, నాంపల్లిలోని బీజేపీ కార్యాలయం ముందు ఆశావహులు బారులు తీరుతూనే ఉన్నారు. జీతం కోసం ఎవరూ ఎన్నికల్లోకి దిగడం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. కేరళ ఎమ్మెల్యేకు 2018 సవరణ తర్వాత నెలకు ముట్టేది సుమారు 70 వేలే. మన సభ్యులకు దానికి మూడు రెట్లకు పైగా ఇస్తున్నాం. అంత ఇచ్చినందువల్ల మన దగ్గర ఎన్నికలు చవకైపోలేదు. జీతాన్ని సగానికి కోసినా ఒక్క ఆశావహుడు వెనక్కి తగ్గడు.

అసలు ప్రజాప్రతినిధికి జీతం ఎందుకన్న ప్రశ్న కొత్తది కాదు. ఇంగ్లండ్‌లో ఓటుహక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు 1838లోనే ఎంపీలకు వేతనం ఉండాలని పట్టుబట్టారు. వేతనం లేకపోతే కూర్చుని తినగలవాడు తప్ప కూలివాడు సభలో అడుగుపెట్టలేడన్నది వారి వాదన. అది అక్కడ నెరవేరడానికి 1911 దాకా పట్టింది. దొరల గడీలు చూసిన ఈ ప్రాంతంలో ఆ వాదన విలువ వేరే చెప్పనక్కరలేదు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో వరంగల్ లోక్‌సభ స్థానంలో పోటీపడినవారిలో ఒకరు తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం నుంచి వచ్చిన కమ్యూనిస్టు నాయకుడు పెండ్యాల రాఘవరావు, మరొకరు ప్రజాకవి కాళోజీ నారాయణరావు. రాఘవరావు గెలిచారు. ఆ ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25 వేల రూపాయలు. ఆ ఇద్దరినీ పోటీకి నిలబెట్టినవి వారి వెనక ఉన్న ఉద్యమాలు. అలాంటి ఇద్దరు ఈనాడు అదే స్థానంలో ప్రధాన పోటీదారులుగా ఎదురెదురు నిలబడే పరిస్థితి ఉందా అని అడిగితే, ఏ పార్టీ జిల్లా కార్యాలయంలోనైనా నవ్వే జవాబు. కూలివాడి కోసం తెచ్చిన జీతం ఉంది. కూలివాడు సభకు చేరే తోవ మాత్రం ఖర్చు దగ్గరే మూసుకుపోయింది.

ఓటరుకు 15 రూపాయలు

40 లక్షలంటే వినడానికి తక్కువేమీ కాదు. 2022 జనవరిలో కేంద్రం అసెంబ్లీ పరిమితిని 40 లక్షలకు, లోక్‌సభ పరిమితిని 95 లక్షలకు పెంచింది. 2014లో అవి 28 లక్షలు, 70 లక్షలు. 2023 నవంబరు ఎన్నికల నాటికి రాష్ట్రంలో ఓటర్లు సుమారు 3.26 కోట్లు, స్థానాలు 119. అంటే సగటున స్థానానికి 2.74 లక్షల మంది. 40 లక్షలను వారికి పంచితే తలకు 15 రూపాయలైనా రావు. హన్మకొండ చౌరస్తాలో ఒక చాయ్ ఖరీదు అటూ ఇటూగా అంతే.

ఆ డబ్బులోనే కరపత్రాలు, ఫ్లెక్సీలు, కండువాలు, ప్రచార రథం, డీజిల్, డప్పు బృందాలు, సభలు, కార్యకర్తల భోజనాలు, సెల్‌ఫోన్ ప్రచారం, బూత్ ఏజెంట్ల ఖర్చు అన్నీ సర్దుకోవాలి. దాన్ని లెక్కగట్టడానికి ఎన్నికల సంఘం పెట్టిన ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. నామినేషన్ల ముందు కలెక్టరు, అంటే జిల్లా ఎన్నికల అధికారి, పార్టీల ప్రతినిధులను పిలిచి ధరల పట్టిక ఖరారు చేస్తారు. చాయ్‌కి ఇంత, సమోసాకు ఇంత, చికెన్ బిర్యానీకి ఇంత, ప్లాస్టిక్ కుర్చీ అద్దె ఇంత, షామియానాకు ఇంత, డీసీఎం వ్యానుకు రోజుకు ఇంత. అభ్యర్థి తన ఇంటి కోళ్లతోనే బిర్యానీ వండించి పెట్టాడనుకున్నా పట్టికలోని ధర ప్రకారమే అతని ఖాతాలో పడుతుంది. సభకు వీడియో బృందం వస్తుంది. కుర్చీలు లెక్కపెడుతుంది, బండ్లు లెక్కపెడుతుంది. ఆ వివరాలన్నీ షాడో రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. అభ్యర్థి రాసుకున్న పుస్తకాన్ని దాని పక్కన పెట్టి వ్యయ పరిశీలకుడు సరిచూస్తాడు. అభ్యర్థి ఎన్నికల ఖర్చుకోసం ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. 10 వేలు దాటిన చెల్లింపు నగదుగా చేయకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా లెక్కలు అప్పజెప్పాలి.

సమోసా దగ్గర ఇంత పట్టుదలగా ఉన్న వ్యవస్థ కోట్ల దగ్గర ఎందుకు చేతులెత్తేస్తుంది? అధికారుల బద్ధకమే కారణమంటే అన్యాయం. వారి పుస్తకం ఏ రోజున తెరుచుకోవాలో, ఎవరి ఖర్చు అందులోకి రాకూడదో చట్టమే తేల్చి చెప్పింది.

లెక్కలోకి రాని రోజులు

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం లెక్క మొదలయ్యేది అభ్యర్థి నామినేషన్ వేసిన రోజున, ముగిసేది ఫలితం ప్రకటించిన రోజున. 2023లో నామినేషన్లు నవంబరు 3న మొదలై 10న ముగిశాయి. ఫలితం డిసెంబరు 3న వచ్చింది. అంటే మొదటి రోజునే నామినేషన్ వేసినా లెక్క నడిచింది నెల రోజులు. కానీ ఆనాటి అధికార పార్టీ 115 మంది అభ్యర్థుల పేర్లను ఆగస్టు 21నే ప్రకటించింది. పేరు ఖాయమైన నాటి నుంచి నామినేషన్ దాకా గడిచిన రెండు నెలల పైచిలుకు కాలంలో వినాయక చవితి వచ్చింది, బతుకమ్మ వచ్చింది, దసరా వచ్చింది. మండపాలకు చందాలు, యువజన సంఘాలకు క్రికెట్ కిట్లు, మహిళా సంఘాలకు చీరలు, కుల సంఘాల భవనాలకు హామీలు, బూత్ స్థాయి సమావేశాలకు భోజనాలు. ఏ పార్టీ అభ్యర్థికైనా అసలు ప్రచారం అదే. చట్టం దృష్టిలో మాత్రం అప్పటికి అతను అభ్యర్థే కాడు.

ఇంకా వెనక్కి వెళ్తే దృశ్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2022 దసరాకు ముందు రోజు వరంగల్‌లో ఒక స్థానిక నాయకుడు హమాలీలను వరుసలో నిలబెట్టి తలా ఒక కోడి, ఒక మద్యం సీసా పంచిపెట్టాడు. తన పార్టీ జాతీయ పార్టీగా మారుతున్న సంతోషంలోనట. ఆ వీడియో దేశమంతా తిరిగింది, జనం నవ్వుకున్నారు. అప్పుడు వరంగల్‌లో ఎన్నికేదీ లేదు కాబట్టి అది ఏ ఎన్నికల లెక్కలోకీ వచ్చేది కాదు. అందులో వింతేమైనా ఉంటే కెమెరా ముందు పంచడమే. మామూలుగా ఇలాంటివి ఇంత బాహాటంగా జరగవు.

నియోజకవర్గంలో రాజకీయంగా బతికి ఉండాలంటే అయిదేళ్లూ డబ్బు పారుతూనే ఉండాలి. పేదింటి పెళ్లికి పుస్తె మట్టెలు పంపాలి. చావు జరిగిన ఇంటికి వెళ్తే చేతిలో కవరు ఉండాలి. బొడ్రాయి పండుగకు, బోనాలకు, గుడి ప్రహరీకి రాసివ్వాలి. ఆసుపత్రి బిల్లుతో తెల్లవారకముందే క్యాంపు కార్యాలయం ముందు నిలబడ్డ మనిషికి ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తు మీద సంతకంతో పాటు దారి ఖర్చులూ ఇవ్వాలి. నెలకు 2.5 లక్షలు ఇక్కడ ఏ మూలకూ చాలవని చాలామంది ఎమ్మెల్యేలు అంటారు. అందులో అబద్ధం లేదు. అయితే ఈ ఖర్చు ప్రజాప్రతినిధి బాధ్యతల్లో భాగం కాదన్న మాట వారు ఎన్నడూ బయటికి అనరు. ఆసుపత్రి బిల్లు కట్టలేని స్థితి పోగొట్టడం వారి పని. బిల్లులో కొంత తమ జేబులోంచి కట్టడం పేరు తెచ్చుకునే పని. ఈ రెండూ కలిసిపోయి చాలాకాలమైంది, ఓటరు కూడా ఈ రెండోదాన్నే అడగడం నేర్చాడు.

పార్టీ చేసే ఖర్చుకు అసలు పరిమితే లేదు. దీని వెనక ఒక కథ ఉంది. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చూ అభ్యర్థి ఖర్చుగానే లెక్కించాలని తీర్పిచ్చింది. రోజుల వ్యవధిలోనే కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పు ప్రభావాన్ని తుడిచేసింది. పార్టీ, మిత్రులు, ఇతరులు పెట్టిన ఖర్చు అభ్యర్థిది కాదని చట్టంలో వివరణ చేర్చింది. దాదాపు మూడు దశాబ్దాలు అలాగే నడిచాక 2003 సవరణతో ఆ గేటు కొంత మూసుకుంది. ఇప్పుడు పార్టీ చేసే సాధారణ ప్రచారం, స్టార్ క్యాంపెయినర్ల (పార్టీ ముందే జాబితా ఇచ్చిన ముఖ్య ప్రచారకుల) ప్రయాణ ఖర్చు మాత్రమే అభ్యర్థి ఖాతాలో పడవు. గుర్తింపు పొందిన పార్టీకి అలాంటివారు 40 మంది వరకు ఉండవచ్చు. హెలికాప్టర్ దిగిన నాయకుడు అభ్యర్థి పేరెత్తకుండా, వేదిక మీద అతని ఫొటో లేకుండా మాట్లాడితే ఆ సభ మొత్తం పార్టీ ఖర్చు. పేరెత్తితే పంచుకోవాలి. అందుకే కొన్ని సభల్లో అభ్యర్థి వేదిక మీద కాకుండా వేరే చోట కూర్చుంటాడు.

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం ఈ విషయంలో మంచి పాఠం. 2022 మే 6న కాంగ్రెస్ రైతు సంఘర్షణ సభ అక్కడే జరిగింది. 2023 జూలై 8న ప్రధాని పాల్గొన్న బీజేపీ సభా అక్కడే. 2025 ఏప్రిల్ 27న భారత రాష్ట్ర సమితి (బీఆర్ఎస్) రజతోత్సవ సభ కాస్త దూరంలో, ఎల్కతుర్తిలో. మూడు పార్టీలు, మూడు మహాసభలు, మూడూ నామినేషన్ల గడువుకు ఎంతో ముందో వెనకో. జనసమీకరణ ఎలా జరుగుతుందో పల్లెల్లో అందరికీ తెలుసు. మండలానికి ఇన్ని బస్సులు, ఊరికి ఇన్ని డీసీఎంలు అని లక్ష్యం పెడతారు. ఆ లక్ష్యం నెరవేర్చే భారం చాలా మేరకు టికెట్ ఆశించే నాయకుల మీద పడుతుంది. ఎవరెంత మందిని తెచ్చారన్నది పై నాయకత్వం గమనిస్తుంది. సభ పార్టీది, ఖర్చు ఆశావహుడిది, లెక్క ఎవరిదీ కాదు. టికెట్‌కు అసలు పరీక్ష అక్కడే జరుగుతుంది. దాన్ని నెగ్గడానికి జేబు బరువు చూపించాలి.

పార్టీల పెద్ద డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కొంతవరకు తెలిసింది 2024లో. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళం ఇవ్వడానికి వీలు కల్పించిన ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని ఆ ఏడాది ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత బయటికొచ్చిన వివరాల్లో 2019 ఏప్రిల్ నుంచి బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు అందినట్లు తేలింది. నాలుగో స్థానంలో 1,214 కోట్లతో బీఆర్ఎస్ నిలిచింది. మిగతా మూడూ పెద్ద పార్టీలో, అప్పటికి పెద్ద రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీలో. 17 లోక్‌సభ స్థానాలున్న రాష్ట్రం నుంచి ఒక ప్రాంతీయ పార్టీ ఆ వరుసలో చేరిందంటే ఇక్కడి రాజకీయంలో తిరిగే డబ్బు స్థాయి అర్థమవుతుంది. బాండ్ల కొనుగోలుదారుల్లో దేశంలో రెండో స్థానం హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. ఆ డబ్బు ఒక్క పార్టీకే పోలేదు, పలు పార్టీలకు పంచారు.

హుజూరాబాద్ చెప్పింది

ఇక నగదు. 2023 ఎన్నికల్లో నవంబరు 20 నాటికే తెలంగాణలో 659 కోట్ల విలువైన నగదు, మద్యం, బంగారం, మత్తుపదార్థాలు, కానుకలు పట్టుబడ్డాయని ఎన్నికల సంఘం ప్రకటించింది. ఎన్నికలు జరిగిన అయిదు రాష్ట్రాల్లోనూ తెలంగాణదే పైచేయి. అందులో నగదు ఒక్కటే 225 కోట్లు. 119 స్థానాలకు పంచితే ఒక్కో స్థానానికి 1.89 కోట్లు, అభ్యర్థి పరిమితికి నాలుగున్నర రెట్లకు పైగా. పోలింగ్‌కు ఇంకా పది రోజులుండగా తేలిన లెక్క ఇది, అదీ పట్టుబడ్డ డబ్బు మాత్రమే.

ఈ అంకెను పూర్తిగా నమ్మేయడం కూడా సరికాదు. 50 వేలకు మించి నగదు తీసుకెళ్తే కాగితాలు చూపాలి. నవంబరు అంటే వరంగల్ చుట్టుపక్కల పత్తి అమ్మకాల కాలం, పెళ్లిళ్ల కాలం. పత్తి అమ్మి డబ్బుతో ఊరికి వెళ్లే రైతు, కూతురి పెళ్లికి బంగారం కొనబోయే తండ్రి, అడ్తి వ్యాపారి గుమాస్తా తనిఖీ కేంద్రాల దగ్గర చిక్కుకుంటారు. తర్వాత జిల్లా కమిటీ ముందు ఆధారాలు చూపి విడిపించుకోవడానికి తిరుగుతారు. పట్టుబడిన ప్రతి నోటూ ఓటు కోసం బయల్దేరింది కాదు. నిజంగా ఓటు కోసం బయల్దేరిన డబ్బులో ఎక్కువ భాగం తనిఖీలు మొదలవకముందే ఊరు చేరి ఉంటుందన్న మాట కూడా కొట్టిపారేయదగింది కాదు.

ఓటుకు వెయ్యి చొప్పున, అదీ సగం మంది ఓటర్లకే ఇచ్చారనుకుందాం. సగటు నియోజకవర్గంలో అది 13.7 కోట్లు. 40 లక్షల పరిమితికి 34 రెట్లు, ఎమ్మెల్యే అయిదేళ్ల వేతనానికి 9 రెట్లు. ఇది ఊహాలెక్కే, ఫలానా చోట ఇలా జరిగిందన్న ఆరోపణ కాదు. కానీ వెయ్యి అన్న అంకె విని ఉత్తర తెలంగాణలో ఆశ్చర్యపోయే ఓటరు దొరకడం కష్టం.

మరి డబ్బు ఓట్లు కొంటుందా? 2021 అక్టోబరు 30న జరిగిన హుజూరాబాద్ ఉపఎన్నికను చూడాలి. కరీంనగర్ జిల్లాలోని మండలాలతో పాటు ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉన్న కమలాపూర్ కూడా ఆ నియోజకవర్గంలోదే. కుటుంబానికి 10 లక్షలిచ్చే దళితబంధు పథకాన్ని ఆగస్టు 16న అక్కడే మొదలుపెట్టారు. ఎన్నిక సందర్భంగా అక్టోబరులో దాని అమలును ఎన్నికల సంఘం నిలిపివేసింది. పోలింగ్ దగ్గరపడ్డాక కొన్ని ఊళ్లలో పక్కవాళ్లకు కవర్లు అందాయి, తమకు అందలేదని జనం రోడ్డెక్కిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. డబ్బు తీసుకోవడం సిగ్గుపడే విషయంగా ఉన్న దశ దాటి, రాకపోతే నిలదీసే హక్కుగా మారిందని ఆ ఒక్క దృశ్యం చాటింది. తీరా 86 శాతానికి పైగా పోలైన ఓట్లలో బీజేపీ తరఫున నిలిచిన ఈటల రాజేందర్ 1,07,022 ఓట్లతో, 23,855 ఆధిక్యంతో అధికార పార్టీపై గెలిచారు.

దీన్ని చూపి ‘డబ్బు పనిచేయలేదు, జనం తెలివిగలవాళ్లు’ అని సంబరపడినవారు చాలామంది. అందరి దగ్గరా తీసుకుని నచ్చినవారికి వేశారన్నది నిజమే కావచ్చు. కానీ అదే ఫలితంలో మూడో వరుస చూడాలి. అంతకుముందు 2018లో 60 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్న కాంగ్రెస్‌కు ఈసారి దక్కినవి 3,014. పాత అభ్యర్థి పార్టీ మారడం సహా దీనికి ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా రెండు బలమైన పక్షాలు సర్వశక్తులూ ఒడ్డినచోట మూడోవాడికి ఊపిరాడలేదన్నది కాదనలేం. డబ్బు చేసే అసలు పని ఇదే. ఇద్దరు ధనవంతుల్లో ఎవరు గెలవాలో అది తేల్చలేకపోవచ్చు. బరిలో నిలిచే ఇద్దరూ ధనవంతులై ఉండాలని మాత్రం ముందే తేల్చేస్తుంది. ప్రస్తుత శాసనసభలోని 119 మందిలో నూరు మందికి పైగా కోటీశ్వరులన్నది వారు స్వయంగా దాఖలు చేసిన అఫిడవిట్ల మాటే. టికెట్ కోసం వచ్చిన మనిషిని పార్టీ మొదట అడిగేది ‘ఎంత పెట్టుకోగలవు’ అనే. ప్రభుత్వ బడి పంతులుగా పదవీ విరమణ చేసినవాడు, ఉద్యమంలో కేసులు నెత్తినేసుకున్నవాడు, ఊళ్లో మంచి పేరున్న మహిళా సంఘం నాయకురాలు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. గ్రానైట్, రైసు మిల్లులు, కాలేజీలు, ఆసుపత్రులు, రియల్ ఎస్టేట్, కాంట్రాక్టులు ఉన్నవారు ముందుకెళ్తారు. వారిలో మంచివాళ్లు లేరని కాదు. సభలో విద్యా రుసుముల మీద, ఇసుక మీద, భూముల ధరల మీద చర్చ వచ్చినప్పుడు ఎవరి గొంతు ఎటు మొగ్గుతుందో ఊహించడానికి మాత్రం పెద్ద పాండిత్యం అక్కరలేదు.

చదువుకున్నవారి ఎన్నికలు వేరుగా ఉంటాయనుకుంటే అదీ భ్రమే. వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానం మూడు ఉమ్మడి జిల్లాల మీదుగా 34 అసెంబ్లీ నియోజకవర్గాల మేర పరుచుకుని ఉంది. 2024 మే 27 ఉపఎన్నికలో ఓటర్లు సుమారు 4.6 లక్షలు, అభ్యర్థులు 52 మంది. 2021లోనైతే 71 మంది. పత్రికంత బ్యాలెట్ మడత పెట్టలేక ఓటర్లు అవస్థపడ్డారు. శాసనమండలి ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చుకు పరిమితే లేదన్న సంగతి ఓటేసిన పట్టభద్రుల్లో ఎందరికి తెలుసో! ఎన్నికల వ్యయ నియమాల్లో లోక్‌సభ, అసెంబ్లీ మాత్రమే ఉన్నాయి. 34 నియోజకవర్గాలు తిరగాల్సిన అభ్యర్థికి ఇష్టమొచ్చినంత ఖర్చు పెట్టుకోమని చట్టమే వదిలేసింది.

శిక్షల గురించి రెండు మాటలు చాలు, ఎందుకంటే చెప్పుకోవడానికి ఉన్నవే అంత. లెక్కలు సరిగా ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత. ఈ సెక్షన్ కింద ఉత్తరప్రదేశ్‌లో ఒక ఎమ్మెల్యే, పెయిడ్ న్యూస్ (డబ్బిచ్చి వార్తలుగా వేయించుకున్న ప్రచారం) ఖర్చు దాచినందుకు, 2011లో పదవికి అనర్హులయ్యారు. మన వైపు చూస్తే, 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఓటర్లకు డబ్బు పంచిన కేసులో అప్పటి మహబూబాబాద్ ఎంపీకి 2021 జూలైలో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆరు నెలల జైలు, 10 వేల జరిమానా విధించింది. అప్పీలుకు వీలుగా బెయిలిచ్చింది. పదవీకాలం పూర్తయింది. 2019లో గెలిచిన ఎంపీలు చూపిన ఖర్చు సగటున 50 లక్షల చిల్లర, అప్పటి 70 లక్షల పరిమితికి చాలా లోపు. కాగితం మీద మన ఎన్నికలు పొదుపుకు పెట్టింది పేరు.

మార్గాలు తెలియక కాదు. 1998లోనే ఇంద్రజిత్ గుప్తా కమిటీ పార్టీలకు ప్రభుత్వమే కొంత సాయాన్ని వస్తు రూపంలో ఇవ్వాలంది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో లెక్కను నామినేషన్ నుంచి కాకుండా ఎన్నికల నోటిఫికేషన్ నుంచే మొదలుపెట్టాలంది. అది చిన్న మార్పే, మహా అయితే వారం రోజులు కలుస్తాయి. అసలు కావలసింది పార్టీ ఖర్చు మీద పరిమితి, ఏడాది పొడవునా సాగే పార్టీ జమాఖర్చుల నిజమైన తనిఖీ, అందులోనూ బహిరంగ సభలకు ఎవరు చెల్లించారన్న వివరం. వీటిని చట్టం చేయవలసినవారు వీటివల్ల నష్టపోయేవారే కావడంతో, వేతన బిల్లుకు ఉన్నంత తొందర వీటికి లేదు.

సర్పంచ్ దాకా దిగిన జబ్బు

ఎమ్మెల్యేలు కోట్లు పెడతారు, రాబట్టుకుంటారు అనుకుని వదిలేసేవారు ఒక్కసారి పల్లె వైపు చూడాలి. 2021లో 30 శాతం పెంచాక సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. అయిదేళ్లకు 3.9 లక్షలు. 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి 1.5 లక్షలు, అంతకు మించిన ఊళ్లో 2.5 లక్షలు. పార్టీ గుర్తులుండవు కాబట్టి పార్టీ డబ్బూ పెద్దగా రాదు. ఉన్న ఎకరమో అరెకరమో తాకట్టు పెట్టి, వడ్డీకి తెచ్చి నిలబడేవారు ఇక్కడ ఎక్కువ. ఓటర్లు కొన్ని వందలే కావడంతో ఎవరు ఎటో ఊరందరికీ తెలుసు. అందుకే పక్కవాడు ఇచ్చిన దానికి పైన వంద వేసే పోటీ పోలింగ్ ముందు రాత్రి దాకా సాగుతుంది.

కొన్ని ఊళ్లలో దీనికి కనిపెట్టిన ‘పరిష్కారం’ వేలం. గుడి కట్టడానికో, బొడ్రాయి ప్రతిష్ఠకో ఎక్కువ ఇస్తానన్నవాడిని ఏకగ్రీవం చేస్తారు. పది మందికి పంచే బదులు ఊరికే ఇచ్చాడు కదా, గొడవల్లేవు కదా అని సమర్థించేవారున్నారు. పదవి రిజర్వు అయిన ఊళ్లో పాడుకున్నవాడు ఒకరు, కుర్చీలో కూర్చున్నవారు మరొకరు అయిన సందర్భాలు చూశాక ఆ సమర్థన నిలవదు. వేలం నేరమని రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రతిసారీ హెచ్చరిస్తుంది. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పాట పాడుతూనే ఉంటారు.

గెలిచాక సర్పంచ్ పరిస్థితి ఎమ్మెల్యేలా ఉండదు. 2019లో గెలిచినవారు వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు పై నుంచి వచ్చిన ఒత్తిడితో ముందు తమ డబ్బుతో కట్టారు. పదవీకాలం 2024 జనవరి చివర్లో ముగిసినా చాలామందికి బిల్లులు రాలేదు. మాజీ సర్పంచులు బకాయిల కోసం ధర్నాలు చేసి, అరెస్టులై, ఠాణాల్లో కూర్చున్న రోజులున్నాయి. ఎన్నికలో పెట్టింది అప్పు, పదవిలో పెట్టింది అప్పు. ప్రత్యేకాధికారుల పాలన దాదాపు రెండేళ్లు సాగి 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు, పాత బకాయిల సంగతి ఊరూరా తెలిసి కూడా అభ్యర్థులకు కొదవ లేకపోయింది.

బిల్లు మీద సంతకం పెట్టే అధికారానికి ఉన్న ధర తెలియాలంటే ఉపసర్పంచ్ పదవిని చూడాలి. దానికి ప్రత్యేకంగా జీతమంటూ లేదు. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో కలిపి ఉపసర్పంచ్‌కూ ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. ఫలితాలు వచ్చిన రోజునే వార్డు సభ్యులు చేతులెత్తి ఉపసర్పంచ్‌ను ఎన్నుకుంటారు. ఆ కాసేపట్లో పది పన్నెండు ఓట్ల కోసం జరిగే బేరాలు ఏ ధరల పట్టికలోనూ ఉండవు, ఏ పరిశీలకుడి పుస్తకంలోనూ ఎక్కవు. ఉపసర్పంచ్ ఎన్నికకు ఖర్చు పరిమితి మాటే లేదు.